తిన్నాక గొంతు పట్టేస్తే అలర్జీయా, భయమా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. హనుమకొండ హాస్టల్‌లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఆరు నెలల కింద సర్వపిండి తిన్న పది నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవి వాచింది, రెండుసార్లు వాంతి అయింది. ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. అప్పటి నుంచి పల్లీలు, నువ్వులు ముట్టడం లేదు. అయినా మెస్‌లో కూర్చుంటే చాలు, రెండు ముద్దలకే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు అవుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇప్పుడు పెరుగన్నం, అరటిపండు తప్ప ఏదీ తినలేకపోతున్నాను. నాలుగు కిలోలు తగ్గాను. ఇంట్లోవాళ్లు ‘అంతా నీ మనసులోనే ఉంది’ అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆరు నెలల కింద జరిగింది మీ మనసులోది కాదు. తిన్న కాసేపటికే చర్మం మీద దద్దుర్లు వచ్చి, దాంతోపాటు కడుపో, ఊపిరో, రక్తపోటో దెబ్బతింటే దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. మీకు వచ్చింది అదే. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు తప్పకుండా చెప్పండి. ఇక ఇప్పుడు మెస్‌లో అవుతున్నది మాత్రం చాలావరకు భయం లక్షణాల్లాగే ఉంది. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. ఒకసారి అంత దూరం వెళ్లొచ్చాక ముద్ద నోట్లో పెట్టాలంటే భయపడటం సహజం.

గుండెదడ, ఏదో అయిపోతోందన్న ఆందోళన రెండింటిలోనూ వస్తాయి. వాటితో ఏదీ తేలదు. పక్కవాళ్ల కంటికి కనిపించేవి, చెవికి వినిపించేవి చూడాలి: దద్దుర్లు, పెదవుల వాపు, కనురెప్పల వాపు, ఆగని దగ్గు, పిల్లికూతలు, బొంగురుపోయిన గొంతు, వాంతి, తూలి పడిపోవడం. ఇవి అలర్జీ వైపు చూపిస్తాయి. భయంలో మెడ, ఛాతీ ఎర్రబడొచ్చు కానీ దోమ కుట్టినట్టు ఉబ్బెత్తుగా దద్దుర్లు లేవవు. వేళ్లు, మూతి చుట్టూ తిమ్మిరి రావడానికి కారణం గబగబా ఊపిరి తీయడం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి నరాలు జివ్వుమంటాయి. గొంతులో అడ్డం పడ్డట్టు ఉండటం అన్నవాహిక పైభాగంలోని కండరం బిగుసుకోవడం వల్ల. అలాంటప్పుడు మంచినీళ్లు మామూలుగానే దిగుతాయి, మాట మారదు. అలర్జీతో గొంతు వాస్తే మాట మారుతుంది, ఉమ్మి మింగడం కష్టమవుతుంది.

సమయం కూడా చాలా చెబుతుంది. ఆహార అలర్జీ సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు బయటపడుతుంది. అదే పదార్థం మళ్లీ తింటే సాధారణంగా మళ్లీ వస్తుంది, ఇంట్లో తిన్నా మెస్‌లో తిన్నా ఒకటే. భయం చోటును బట్టి వస్తుంది. కంచం ముందు కూర్చోగానే, ముద్ద నోట్లో పెట్టకముందే మొదలైతే అది తిండి వల్ల వచ్చింది కాదు. భయం పదినిమిషాల్లో పతాక స్థాయికి చేరి, అరగంటలో దిగిపోతుంది.

మళ్లీ అలా అనిపించినప్పుడు తినడం ఆపి టైమ్ చూసుకోండి. ఫోన్ కెమెరాలో పెదవులు, కళ్లు చూసుకోండి, చేతులు, పొట్ట మీద చర్మం చూడండి. ఒక పొడుగాటి వాక్యం గట్టిగా చెప్పండి. అన్నీ మామూలుగా ఉంటే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఒంటరిగా బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకోవద్దు, రెండు గంటల పాటు ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ఒక హెచ్చరిక: అనాఫిలాక్సిస్ వచ్చిన పదిమందిలో ఒకరిద్దరికి చర్మం మీద ఏమీ కనిపించదు. ఊపిరి ఆడకపోయినా, మాట మారినా, కళ్లు తిరిగి పడిపోతున్నా దద్దుర్ల కోసం ఎదురుచూడొద్దు. ఎటూ తేలకపోతే అలర్జీ అనే అనుకుని నడుచుకోండి.

అప్పుడు పనిచేసే మందు అడ్రినలిన్ ఒక్కటే. సెట్రిజిన్ దురద తగ్గిస్తుంది, గొంతు వాపును, పడిపోతున్న రక్తపోటును ఆపలేదు. మన దగ్గర ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ఉండే ఆంప్యూల్ (చిన్న గాజు సీసా). పెద్దవాళ్లకు అందులో అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు మధ్యభాగంలో, కండలోకి ఇస్తారు. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మరో డోసు. డాక్టరుతో రాయించుకుని, మందు ఎలా లాగాలో, ఎలా పొడవాలో మీరూ మీ రూమ్మేటూ ఆయన ముందే నేర్చుకోండి. వరంగల్, రామగుండం ఎండల్లో బండి డిక్కీలో పెడితే మందు చెడిపోతుంది. రంగు మారినా, తేదీ దాటినా పారేయాలి. ఇంజెక్షన్ చేశాక 108కి ఫోన్ చేసి, కాళ్లు ఎత్తులో పెట్టి పడుకోండి. ఆయాసం ఉంటే కూర్చోవచ్చు, లేచి నడవొద్దు. తగ్గినట్టనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత తిరగబెట్టవచ్చు.

ఇంకో విషయం మీ ఉత్తరంలో తేలలేదు. సర్వపిండిలో పల్లీలు, నువ్వులే కాదు, శనగపప్పు కూడా వేస్తారు. ఆ తర్వాత ఎప్పుడైనా శనగపిండి బజ్జీ తిన్నారా? తిని ఏమీ కాకపోతే శనగపప్పును అనుమానించక్కర్లేదు. తినకపోతే అలర్జీ పరీక్ష అయ్యేదాకా ఆగండి. అలర్జీ నిపుణుల దగ్గర ప్రిక్ పరీక్ష (అనుమానమున్న పదార్థం చుక్క వేసి చర్మాన్ని సూదితో కొద్దిగా గుచ్చి చూసేది) చేయించుకోండి. దానికి వారం ముందు నుంచి సెట్రిజిన్ లాంటివి ఆపాలి, డాక్టరుకు చెప్పి. జలుబు మాత్రల్లోనూ అలాంటి మందులుంటాయి, చూసుకోండి. పరీక్ష ఫలితం పావుగంట నుంచి 20 నిమిషాల్లో చూస్తారు.

ఏది పడదో తేలాక మిగతావన్నీ ఒక్కొక్కటిగా కంచంలోకి తిరిగి రావాలి. ఈ వారం పప్పన్నం రెండు చెంచాలు, అది భయం లేకుండా దిగాక సగం కప్పు, ఆ తర్వాత కూర. బరువు తగ్గుతున్నారు కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. ఇలాంటి భయానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స) బాగా పనిచేస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్‌కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. అప్పుడప్పుడు దురద వస్తుందని రక్తపరీక్ష చేయిస్తే బియ్యం, కందిపప్పు, టమాట, వంకాయ అన్నిటికీ పాజిటివ్ వచ్చింది. అన్నీ ఆపేశాం. ఇప్పుడు వాడు ఏది పెట్టినా ‘గొంతు నొస్తుందా?’ అని మమ్మల్నే అడుగుతున్నాడు.
- ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: రిపోర్టులో పాజిటివ్ అంటే శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే, అలర్జీ ఉందని కాదు. తిన్నప్పుడు ఏమైందన్నదే ముఖ్యం. నిన్నటిదాకా అన్నం పప్పు హాయిగా తిన్న పిల్లవాడికి కాగితం చూసి అవి ఆపడం సరికాదు. చర్మానికి తామర (ఎగ్జిమా) ఉన్న పిల్లల్లో, ఇబ్బంది లేకుండా తింటున్న పదార్థాన్ని చాలాకాలం ఆపి మళ్లీ పెట్టినప్పుడు అసలైన అలర్జీ మొదలయ్యే ప్రమాదం కూడా ఉంది. అందుకే డాక్టరుతో మాట్లాడి వీలైనంత త్వరగా తిరిగి మొదలుపెట్టండి. పరీక్ష ఐజీజీ అనే యాంటీబాడీదైతే పక్కన పెట్టేయండి, అది బాబు ఏమేం తిన్నాడో చెబుతుంది, అంతే. వంకాయకు నోరు దురద పెట్టడం వేరే సంగతి, అందులో సహజంగా ఉండే హిస్టమిన్ వల్ల కూడా అలా అవుతుంది.

ముద్ద ముద్దకూ ‘ఏమైనా అవుతోందా?’ అని మీరూ వాడిని అడుగుతుంటే మానేయండి. మీ ముఖంలోని కంగారును వాడు చదువుతున్నాడు. అడగకుండా దూరం నుంచి చర్మం, పెదవులు, దగ్గు గమనించండి చాలు.

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేస్తున్నా. పొద్దున చపాతీలు తిని పరుగెత్తితే కొన్నిసార్లు ఒళ్లంతా దురద, దద్దుర్లు, కళ్లు బైర్లు కమ్ముతాయి. ఇంట్లో కూర్చుని అవే చపాతీలు తింటే ఏమీ కాదు. ‘ఈవెంట్స్ భయంరా నీకు’ అంటారు దోస్తులు.
- జమ్మికుంట యువకుడు

జవాబు: దోస్తుల మాట పక్కన పెట్టండి. దద్దుర్లు, కళ్లు బైర్లు కమ్మడం కలిసి వస్తున్నాయంటే ఇది ప్రమాదకరమైన అలర్జీ కావచ్చు. కొందరికి గోధుమ ఒక్కటే పడుతుంది, పరుగు ఒక్కటే పడుతుంది, రెండూ కలిస్తే అనాఫిలాక్సిస్ వస్తుంది. విడివిడిగా ఏమీ కాదు కాబట్టే చాలామంది దీన్ని భయం ఖాతాలో వేస్తారు. ఒళ్లునొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మద్యం, ఎండ దీన్ని ఇంకా పెంచుతాయి. అలర్జీ పరీక్షకు వెళ్లినప్పుడు గోధుమలోని ఒమేగా-5 గ్లయాడిన్ అనే ప్రొటీన్‌కు ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) రక్తపరీక్ష చేయించమని అడగండి, మామూలు గోధుమ పరీక్షలో ఇది తప్పిపోవచ్చు. అది తేలేదాకా పరుగుకు ముందు నాలుగు గంటల లోపు చపాతీ, పూరీ, ఉప్మా, బిస్కెట్ ఏదీ తినొద్దు. పొద్దున్నే పరుగైతే అంతకుముందు అరటిపండో, అన్నమో చాలు. ఒంటరిగా గ్రౌండ్‌కు పోవద్దు. దురద మొదలవగానే ఆగిపోవాలి, ఆ రౌండ్ పూర్తి చేద్దామని పరుగెత్తొద్దు.