బొంత పట్టీ: మొదటి కుట్టు వెనకవైపు

ప్రశ్న: అక్కా, అమ్మ పాత చీరలు నాలుగు పొరలుగా వేసి బొంత కుట్టాను. చుట్టూ పట్టీ మిషన్ మీదే వేశాను. పైన బాగానే ఉంది, తిరగేస్తే కుట్టు అక్కడక్కడ పట్టీ దాటిపోయింది. మూలలు ఉండ కట్టాయి. చేత్తో కుట్టే ఓపిక లేదు.
- ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: చెల్లెమ్మా, నువ్వు పట్టీని మొదట పైవైపు వేసి, వెనక్కి మడిచి కుట్టి ఉంటావు. రెండో కుట్టు ఎటు పోతోందో అప్పుడు కనబడదు. ఈసారి మొదటి కుట్టు బొంత వెనకవైపు వెయ్యి. తర్వాత పట్టీని పైకి తిప్పి, దాని మడత ఆ కుట్టును కాస్త దాటేలా పట్టుకుని, మడత అంచు మీదే కుట్టుకుంటూ పో. కింద కుట్టు పట్టీ పక్కన బొంత మీద పడుతుంది. బాబిన్‌లో (మిషన్ కింద పెట్టే దారం చుట్ట) వెనక బట్ట రంగు దారం వేస్తే అదీ కనబడదు.

మొదటి కుట్టు వేసేటప్పుడే, మూల దగ్గర పావు అంగుళం ఉందనగా ఆపి, రెండు కుట్లు వెనక్కి వేసి దారం తెంచు. బొంత తిప్పి, పట్టీని ఏటవాలుగా బయటికి మడిచి, మళ్లీ రెండో అంచు వెంట కిందికి దించు. పై మడత బొంత అంచుకు సమానంగా రావాలి. నేను హన్మకొండలో కుట్టిన మొదటి బొంత చూసి మా అత్తమ్మ, "మూలలకు నిమ్మకాయలు కట్టినవా?" అంది. ఈ మడత తెలియకే!

పట్టీ రెండున్నర అంగుళాల వెడల్పు కత్తిరించి, నిలువుగా సగానికి మడిచి ఇస్త్రీ చెయ్యి. 60కి 90 అంగుళాల బొంతకు చుట్టుకొలత 300, అతుకులకు ఇంకో 12. 44 అంగుళాల పన్నా బట్టలో ఎనిమిది పట్టీలు కావాలి, ముప్పావు మీటరు తీసుకో. అతుకులు ఏటవాలుగా వెయ్యి, లేకపోతే అక్కడ లావుగా తగులుతుంది. పట్టీని బట్టకు అడ్డంగా ఏటవాలుగా కత్తిరించే క్రాస్ కటింగ్ వద్దు, గుండ్రటి మూలలకే అది. ఎర్ర బట్టయితే ముందే నానబెట్టి చూడు, రంగు దిగితే అమ్మ చీరలు పాడవుతాయి.

నాలుగు పొరలకు 16 నంబర్ సూది పెట్టు, కుట్టు కాస్త పెద్దది చెయ్యి. బట్టను నొక్కిపట్టే ఫుట్ ఒత్తిడి స్క్రూ కొంచెం వదులు చేస్తే పై పొర జరగదు. గుండుసూదుల బదులు తలకు పెట్టుకునే టిక్‌టాక్ క్లిప్పులు వాడు. కుట్టు మాత్రం మూల నుంచి మొదలుపెట్టకు. ఒక వైపు మధ్యలో, ఎనిమిది అంగుళాల పట్టీ వదిలేసి మొదలుపెట్టు, చివరి అతుకుకు చెయ్యి ఆడుతుంది.