గడ్డకట్టే నూనె ఒంట్లోనూ గడ్డకడుతుందా?

ప్రశ్న: డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో కొబ్బరినూనె సీసాలోనే బిగుసుకుపోతుంది, పల్లినూనె మాత్రం ఎప్పట్లాగే ఉంటుంది. గడ్డకట్టే నూనె తింటే ఒంట్లోనూ గడ్డకడుతుందని మా అత్తయ్య టెన్షన్ పెడుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అలా ఏం కట్టదండీ. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన ఒంటి వేడేమో 37. పైగా తిన్న నూనెను పేగుల్లో ఎంజైములు ముక్కలు చేస్తేనే ఒంటికి పడుతుంది.

సీసాలో సంగతి వేరు. కొవ్వుల్లో ఉండేవి పొడవాటి కార్బన్ గొలుసులు. ప్రతి కార్బన్‌కీ పట్టినంత హైడ్రోజన్ ఉంటే సంతృప్తం, అప్పుడు గొలుసు నిటారుగా ఉంటుంది, పెట్టెలో అగరొత్తుల్లా పక్కపక్కనే ఒత్తుగా సర్దుకుంటాయి కాబట్టి తేలిగ్గా గడ్డకడతాయి. ఎక్కడైనా రెండు హైడ్రోజన్లు తగ్గి పక్కపక్క కార్బన్ల మధ్య ద్విబంధం, అంటే జంట బంధం పడితే అసంతృప్తం. మామూలు నూనెల్లో గొలుసు సరిగ్గా అక్కడే వంగుతుంది, వంగినవి సర్దుకోవు. ఈ ఒక్క వంకరకి ఎంత తేడా అంటే, స్టియరిక్, ఒలియిక్ ఆమ్లాలనే గొలుసులు రెండిటికీ 18 కార్బన్లే, కానీ వంకర లేని స్టియరిక్ కరగడానికి దాదాపు 69 డిగ్రీలు కావాలి, ఒలియిక్‌కి 13 చాలు. పల్లినూనెలో ఎక్కువగా ఉండేది ఈ ఒలియిక్కే. కొబ్బరినూనె 90 శాతం దాకా సంతృప్తమే, కాకపోతే దాని గొలుసులు పొట్టివి, 12 కార్బన్ల లారిక్ ఆమ్లమే ఎక్కువ. పొట్టి గొలుసులు తక్కువ వేడికే కరుగుతాయి, అందుకే మన హైదరాబాద్ ఎండల్లో నీళ్లలా ఉంటుంది, చలికి బిగుస్తుంది.

అత్తయ్యగారి మాట కొట్టిపారేయకండి, సంతృప్త కొవ్వు ఎక్కువైతే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అంతకన్నా చెడ్డది ట్రాన్స్ కొవ్వు. నికెల్ సాయంతో నూనెకి హైడ్రోజన్ ఎక్కిస్తే వనస్పతి అవుతుంది. ఆ పని సగంలో ఆపితే కొన్ని ద్విబంధాలు మిగిలే ఉంటాయి గానీ వాటిలో కొన్నిటి వంకర పోతుంది, అదే ట్రాన్స్ కొవ్వు. ఒలియిక్ ఇలా మారితే 45 డిగ్రీల దగ్గర గానీ కరగదు. ఈ రకం చెడు కొలెస్ట్రాల్ పెంచడమే కాక మంచిదాన్నీ తగ్గిస్తుంది. 2022 నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో దీన్ని 2 శాతానికి కట్టడి చేశారు, మంచి పని.

పొద్దుతిరుగుడు నూనెలో ద్విబంధాలు ఇంకా ఎక్కువ, ఆక్సిజన్ పట్టుకునేది వాటి దగ్గరే, కాబట్టి త్వరగా ముక్కిపోయిన వాసన వస్తుంది. ఆ డబ్బా స్టవ్ పక్కన పెట్టకండి. గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాని గోరువెచ్చని నీళ్లలో ఉంచితే సరి.