కంపెనీ లారీ డ్రైవరుగా చేరడం మంచిదేనా?
విజయవాడలో సొంత లారీ నడిపి, కిస్తీలు మోయలేక, కంపెనీలో డ్రైవరుగా చేరాలా అని అడిగారు. చేరండి, కానీ బత్తా (దారి ఖర్చులకిచ్చే డబ్బు) లెక్క తేల్చుకున్నాకే.

ముందుగా మీకు దక్కేది నిద్ర. టైరు పేలినా, డీజిల్ ధర పెరిగినా ఆ టెన్షన్ ఓనరుది. పద్ధతైన కంపెనీలో పీఎఫ్ ఉంటుంది, జీతం నెలకు 21,000 లోపైతే ఈఎస్ఐ వైద్య బీమా కూడా. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన పెద్ద లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి. మే నెల మధ్యాహ్నం ఒంగోలు దాటేటప్పుడు తెలుస్తుంది దాని విలువ.

నష్టమంతా బండి ఆగిన చోటే. తిరిగితేనే బత్తా ఇచ్చే కంపెనీ అయితే, అన్‌లోడింగ్ కోసం గోడౌన్ గేటు ముందు రెండు రోజులు పడిగాపులు కాసినప్పుడు టీ, టిఫిను, స్నానం డబ్బులన్నీ మీ జేబులోంచే. హాల్టింగ్ బత్తా ఎంతో ముందే అడగండి. మైలేజీ తగ్గితే జీతంలో కోస్తారా, చలానా ఎవరు కట్టాలి, ఇవి కాగితం మీద రాయించుకోండి. కార్మిక చట్టం మామూలుగా రోజుకు 8 గంటల పనే అంటుంది. అక్కడ నిజంగా ఎన్ని గంటలు తోలిస్తారో, పండక్కి ఇంటికి పంపుతారో లేదో ఆ కంపెనీ పాత డ్రైవర్లనే అడగండి.