తూటాలు అడిగినవాడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. కొరియా యుద్ధానికి వెళ్లిన డచ్చి సైనికుల మీద తెలుగులో రాయాలనిపించిందంటేనే నాకు సంతోషం. కానీ మొదటి మూడు పేజీల్లో ఐక్యరాజ్యసమితి తీర్మానం, అమెరికా 2వ డివిజన్, 38వ రెజిమెంట్ అంటూ ఏకరువు పెట్టావు. అవన్నీ నీకు తెలియాలి, నిజమే. పాఠకుణ్ణి మాత్రం నేరుగా ఆ చీకట్లోకి తీసుకుపో.

1951 ఫిబ్రవరి 12, దక్షిణ కొరియాలోని హోంగ్‌సాంగ్ ఊరు. దక్షిణ కొరియా దళాలు, అమెరికన్లు వెనక్కి తగ్గుతున్నారు. వాళ్లు దాటేదాకా ఊరిని నిలబెట్టుకోవడం డచ్చివాళ్ల పని. రాత్రి కొందరు కమాండ్ పోస్టు దగ్గరికొచ్చారు. మేం దక్షిణ కొరియావాళ్లం, తూటాలు అయిపోయాయి అన్నారు. వాళ్లు చైనా సైనికులు. కమాండర్ డెన్ ఔడన్ అక్కడే చనిపోయాడు. నువ్వు దీన్ని 'హఠాత్తుగా దాడి జరిగింది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు! అక్కడ ఆగు నాయనా. కాపలా కుర్రాడికి వాళ్ల భాష రాదు. ముఖం చూసి ఎవరెవరో పోల్చుకోలేడు. పొద్దుటినుంచీ అలాంటివాళ్లకే దారి ఇస్తున్నాడు. చలికి వణుకుతూ వచ్చి తూటాలు అడిగినవాడికి లేదని ఎలా అంటాడు? నీ కథ ఆ రెండు నిమిషాల్లో ఉంది. తర్వాత బాయ్‌నెట్లతో ‘హిల్ 325’ అనే కొండ ఎక్కే ఘట్టం బాగా వచ్చింది, దాన్ని ముట్టుకోకు.

ఇంకో మాట. దీనికే నేను ఉత్తరం మొదలుపెట్టాను. ఆ డచ్చి సైనికుల సొంత రెజిమెంట్ పేరు వాన్ హ్యూట్స్. ఆ పేరు ఎవరిదో నువ్వు చెప్పలేదు. సుమత్రాలో ఆచే ప్రజలను రక్తపాతంతో అణచి, తర్వాత డచ్చి ఈస్టిండీస్‌కు, అంటే ఇప్పటి ఇండోనేషియాకు, గవర్నర్ జనరల్ అయిన సేనాని అతను. 1950లో అక్కడి డచ్చి వలస సైన్యం రద్దయింది. దాని వారసత్వం నిలపడానికి అదే ఏడాది ఈ రెజిమెంట్ పెట్టారు. కొరియాకు వెళ్లిన వాలంటీర్లలో ఎంతోమంది అంతకు కొద్దికాలం ముందు ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని అడ్డుకోవడానికి పోరాడినవాళ్లే. ఇది దాచి నీ కథానాయకుణ్ణి వీరుణ్ణి చేయకు. రాక్షసుణ్ణీ చేయకు. జావాలో ఎవరి ఇంటి తలుపో తన్ని లోపలికెళ్లినవాడు, హోంగ్‌సాంగ్‌లో గాయపడ్డ తోటివాణ్ణి భుజాన మోశాడనుకో. రెండూ అతని నోటే చెప్పించు, గొంతు మార్చకుండా.

కథలోంచి తెలుగు డాక్టర్ని తీసెయ్. మన దేశం పంపిన సైనిక వైద్య దళం, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్, ఆ చలికాలం బ్రిటిష్ కామన్వెల్త్ బ్రిగేడ్‌తో ఉంది. అతను ఇక్కడికి రావడానికి దారి లేదు. ఆ చోటు డచ్చి బెటాలియన్‌లో కలిసి పోరాడిన కొరియా కుర్రాళ్లలో ఒకరికి ఇవ్వు.

డచ్చివాళ్లు దాదాపు 4,000 మంది వెళ్తే, అటూఇటూగా 120 మంది తిరిగి రాలేదు. వాళ్లలో చాలామంది దక్షిణ కొరియాలోని బూసాన్ శ్మశానంలోనే ఉన్నారు. అక్కడ ముసలి సైనికుడి చేత ఏడిపించావు. వద్దు, అతను పాత స్నేహితుడి పేరు చదువుతుండగా ఆపేయ్.

మార్చి పంపు. టెన్షన్ పడకు, ఎన్నిసార్లయినా చదువుతాను.