నీటిలో మందుల అవశేషాలపై పరిశోధన: అమ్మాయిని చదివించవచ్చా?

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. వ్యవసాయం. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. మురుగునీటిలో మిగిలిపోయే మందులను కార్బన్ కేటలిస్టులతో (రసాయన చర్యను వేగవంతం చేసే కార్బన్ పొడులతో) తొలగించే పరిశోధన చేస్తానని, ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ చదువుతానని అంటోంది. బంధువులు మాత్రం హైదరాబాద్‌లో ఏదైనా మందుల కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగంలో చేర్చేయమంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: చదివించండయ్యా. అయితే ఇప్పుడు ఎమ్మెస్సీ వరకే తేల్చుకోండి. పీహెచ్‌డీ సంగతి నెట్ (పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే పరీక్ష) ఫలితం వచ్చాక చూసుకోవచ్చు. ఇప్పటి నుంచే దాని గురించి టెన్షన్ పడొద్దు.

అమ్మాయి పట్టుకున్న సమస్య చాలా పెద్దది. హైదరాబాద్ శివారు పటాన్‌చెరు ప్రాంతంలో మందుల తయారీ యూనిట్ల (2007 నాటికి సుమారు 90) వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు ఉంది. అక్కడ శుద్ధి అయి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. ఆ మాత్రలు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఇలాంటి నీటిలో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. ఫ్యాక్టరీల సంగతి అటుంచితే, మనం మింగిన మాత్రలో కొంత భాగం మూత్రంతో మురుగులో కలుస్తుంది. మామూలు శుద్ధి ప్లాంట్లు మలినాలను సూక్ష్మజీవులకు తినిపించే పద్ధతిలో కట్టినవి. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ లాంటి మందులు వాటిని దాటుకుని దాదాపు అలాగే బయటికొస్తాయి.

ఆ మందుల్ని పట్టడానికి యాక్టివేటెడ్ కార్బన్ ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. అది మందును తన రంధ్రాల్లో పట్టి ఉంచుతుందే గానీ విరగ్గొట్టదు. కేటలిస్టుగా తయారుచేసిన కార్బన్ అయితే పర్సల్ఫేట్ లాంటి రసాయనాన్ని చురుకు చేస్తుంది. అప్పుడు పుట్టే రాడికల్స్ అనే అతి చురుకైన కణాలు మందు అణువును ముక్కలు చేస్తాయి. కోబాల్ట్ లాంటి లోహాలూ ఈ పని బాగానే చేస్తాయి, కానీ అవి నీటిలోకి కారితే అదో కొత్త కాలుష్యం. కార్బన్ మీద ఇంత ఆసక్తికి అదొక ముఖ్య కారణం.

మీరు, అమ్మాయి జాగ్రత్తగా చూసుకోవాల్సింది ల్యాబ్ ఎంపిక. గ్రాఫీన్, నానోట్యూబులు అనే కొత్తరకం కార్బన్ల పేర్లు విని మోజు పడొద్దు. నీటిలో మందు ఎంత మిగిలిందో నిక్కచ్చిగా కొలిచే చోట చేరాలి. చాలా ల్యాబుల్లో మందుకు బదులు మిథిలీన్ బ్లూ రంగు నీళ్లతో ప్రయోగం చేస్తారు. నీలం పోయి నీళ్లు తేటగా కనిపిస్తే సంబరమే. అయితే ఆ రంగు విరిగిపోయిందా, బొగ్గుకు అంటుకుందా? అది తెలియాలంటే బొగ్గు మాత్రమే వేసిన బీకరు ఒకటి, పర్సల్ఫేట్ మాత్రమే వేసింది ఒకటి, రెండూ వేసింది ఒకటి పక్కపక్కన పెట్టి చూడాలి. మందు విషయంలో హెచ్‌పీఎల్‌సీ కావాలి, అంటే నీటిలోని పదార్థాలను విడదీసి ఒక్కోటి ఎంతుందో కొలిచే యంత్రం. అందులో మందును చూపే పీక్ (గ్రాఫులోని శిఖరం) మాయమైనా సరిపోదు, దాని ముక్కలు నీటిలోనే ఉండొచ్చు కాబట్టి మొత్తం ఆర్గానిక్ కార్బన్ ఎంత తగ్గిందో కూడా చూడాలి. డిస్టిల్డ్ వాటర్‌లో అద్భుతంగా పనిచేసిన పొడి అసలు మురుగునీటిలో చతికిలపడటం మామూలే, ఎందుకంటే అందులోని బైకార్బనేట్, ఇతర ఆర్గానిక్ పదార్థాలు రాడికల్స్‌ను ముందే తినేస్తాయి. ఇవన్నీ చేయించే గైడ్ దొరికితే, గైడ్ పేరు పెద్దదా చిన్నదా అని చూడకండి.

ఈ కొలిచే పనే అమ్మాయికి అన్నం పెడుతుంది. బంధువులు చెబుతున్న క్యూసీ ఉద్యోగంలో చేసేదీ ఎక్కువగా హెచ్‌పీఎల్‌సీ పనే. పరిశోధన వద్దనుకున్నా ఆ తలుపు మూసుకుపోదు. పైగా వ్యర్థజల ప్లాంట్లు, పర్యావరణ పరీక్షల ల్యాబులు కూడా తోడవుతాయి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. యాంటీబయాటిక్ వ్యర్థాలకు మన దేశం 2020లో పరిమితులు ప్రతిపాదించింది, 2021 తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. చట్టం బిగిస్తేనే కంపెనీలు ఖర్చు పెడతాయి కాబట్టి, ఇక్కడ ఈ ఒక్క పని మీదే ఆధారపడిన ఉద్యోగాలు ప్రస్తుతానికి తక్కువ. యూరప్ మాత్రం 2024 చట్టంతో పెద్ద ప్లాంట్లలో అదనపు శుద్ధిని తప్పనిసరి చేసి, దాని ఖర్చులో కనీసం 80 శాతం మందులు, సౌందర్య సాధనాల తయారీదారులు భరించాలంది. అక్కడికి ఎగుమతి చేసే మన కంపెనీల మీద కూడా ఒత్తిడి పెరుగుతుందనే నా నమ్మకం.

ఇల్లు వదిలి దూరం వెళ్లనక్కర్లేదు. రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాస్తే ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాస్తే ఏర్పేడులోని ఐఐటీ తిరుపతికి ప్రయత్నించవచ్చు. రెండూ రాయించండి. ఎమ్మెస్సీలో ఉండగానే సీఎస్ఐఆర్ నెట్‌కు కెమికల్ సైన్సెస్‌లో కూర్చోవాలి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. అప్పుడు పీహెచ్‌డీ మీకు భారం కాదు. రాకపోతే ఫెలోషిప్ లేకుండా ఐదేళ్లు లాగమని నేను చెప్పను. ఉద్యోగంలో చేరి మళ్లీ రాసుకోవచ్చు.

ఈలోగా చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు మీ చేలోని చెనక్కాయ పొట్టే తీసుకెళ్లమనండి. మూత పెట్టిన క్రూసిబుల్‌లో (వేడికి తట్టుకునే చిన్న గిన్నెలో) దాన్ని మఫుల్ ఫర్నేస్ అనే ల్యాబ్ కొలిమిలో కాల్చి, పారాసెటమాల్ ద్రావణంలో కలిపి, మందు ఎంత మిగిలిందో తెలిపే యూవీ రీడింగ్ 243 నానోమీటర్ల దగ్గర తీయడం కాలేజీ ల్యాబ్‌లోనే కుదురుతుంది. వడకట్టడంలో బొగ్గు నలక మిగిలితే రీడింగ్ తప్పుతుంది, మళ్లీ మొదటి నుంచి చేయాలి. అలా పదేపదే చేయడం ఆమెకు విసుగో, ఇష్టమో చూసి నాకు మళ్లీ రాయండి.