నెమ్మదించిన సర్వీస్: రిపోర్ట్ చేయాలా, మార్చేసుకోవాలా?

ప్రశ్న: మా ఎనిమిది థ్రెడ్ల సర్వీస్‌ను ఆల్పైన్ (చిన్న లినక్స్ డిస్ట్రో) కంటైనర్‌లోకి మార్చాక బాగా నెమ్మదించింది. ఎల్‌డీ_ప్రీలోడ్‌తో (వేరే లైబ్రరీని ముందుగా లోడ్ చేయించే సెట్టింగ్) జెమాలోక్ అనే అలకేటర్ (మెమరీ కేటాయించే కోడ్) పెడితే వేగం తిరిగొచ్చింది. ఇంతటితో వదిలేయొచ్చా, ఆల్పైన్ వాడే సీ లైబ్రరీ మస్ల్ వాళ్లకు బగ్ రిపోర్ట్ పంపాలా?

జవాబు: ముందు కారణం తేలాలి. జెమాలోక్ తీసేసి, లోడ్ ఉన్నప్పుడు పెర్ఫ్ అనే ప్రొఫైలింగ్ టూల్‌తో ముప్పై సెకన్లు కాల్ స్టాక్‌లతో (ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చూపే వరుస) సహా రికార్డ్ చేయండి. సమయమంతా మాలోక్, ఫ్రీల (మెమరీ తీసుకునే, తిరిగిచ్చే ఫంక్షన్లు) లాక్ దగ్గరే పోతుంటే అది బగ్ కాదు, తెలిసి చేసిన ఎంపిక. 2020లో మస్ల్ 1.2.1తో వచ్చిన కొత్త అలకేటర్ కూడా భద్రతకు, తక్కువ మెమరీ వాడకానికే పెద్దపీట వేసింది. థ్రెడ్లన్నీ ఒకే లాక్ కోసం క్యూ కడతాయి. అలకేటర్‌ను మార్చుకునే వీలు వాళ్లే ఇచ్చారు, కాబట్టి మీరు చేసింది సరైన పనే. కాకపోతే స్టాటిక్‌గా లింక్ చేసిన (లైబ్రరీలు లోపలే కలిపేసిన) బైనరీలపై ప్రీలోడ్ పనిచేయదు. ఆర్‌ఎస్‌ఎస్ (ప్రాసెస్ నిజంగా వాడుతున్న ర్యామ్) కూడా గమనిస్తూ ఉండండి. కంటైనర్ పరిమితి దాటితే కెర్నెల్ ప్రాసెస్‌ను చంపేస్తుంది.

అలా కాక, మస్ల్ వెర్షన్ మారాకే ఏదో ఒక ఫంక్షన్ నెమ్మదించిందా? తప్పకుండా రిపోర్ట్ చేయండి. మీ దగ్గర మాత్రమే సర్దుకుంటే మిగతా అందరికీ ఆ బాధ అలాగే ఉంటుంది. ‘స్లోగా ఉంది’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. గిట్ బైసెక్ట్‌తో (మార్పులను సగాలుగా చేస్తూ వెతికే కమాండ్) నెమ్మదికి కారణమైన కమిట్ పట్టుకోండి. చిన్న టెస్ట్ ప్రోగ్రామ్, సీపీయూ మోడల్, కంపైలర్ ఫ్లాగ్‌లు, పది రన్‌ల మీడియన్ జతచేయండి.