బండి నడిపింది ఎవరు?

ప్రశ్న: పదేళ్లుగా ఒకే దారిలో ఆఫీసుకు వెళ్లొస్తున్నాను. ఒక్కోసారి ఇంటి ముందు బండి ఆపాక, మధ్యలో సిగ్నల్ దగ్గర ఆగానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. మతిమరుపేమోనని టెన్షన్‌గా ఉంది. డాక్టర్ గారూ, అంతసేపూ బండి నడిపింది ఎవరండీ?

జవాబు: మీరేనండి. కాకపోతే ఆ సంగతి మీకు తెలియలేదు, అంతే.

బండి నేర్చుకునే రోజుల్లో క్లచ్, గేరు, బ్రేకు ఒక్కోటీ తలచుకుని మరీ వేసుంటారు. చేయి తిరిగాక ఆ పనిని మెదడు లోపలున్న బేసల్ గాంగ్లియా, వెనకనున్న చిన్నమెదడు చాలావరకు చూసుకుంటాయి. జరిగింది గుర్తుపెట్టుకునే బాధ్యత మెదడులోనే మరో భాగమైన హిప్పోక్యాంపస్‌ది. చేతి అలవాటు, జరిగినదాని జ్ఞాపకం వేరువేరని హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ వల్ల తెలిసింది. మూర్ఛ తగ్గాలని 1953లో ఆయనకు రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో చాలాభాగం తీసేశారు. ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ మనసులో నిలిచేది కాదు. శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయనతో, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. మూడు రోజుల్లో చేయి కుదిరింది. కానీ గీసిన ప్రతిసారీ ‘ఇదే మొదటిసారి’ అనుకునేవారట! మీ హిప్పోక్యాంపస్‌కు ఏమీ కాలేదు. మీ ధ్యాస ఆఫీసు గొడవల మీద ఉంది. ధ్యాస పెట్టని సంగతి జ్ఞాపకంలోకి ఎక్కదు.

ధ్యాస పెట్టినా అంతా కనబడుతుందనుకోకండి. అద్దానికి దగ్గరగా నిలబడి ముందు మీ ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను చూసుకోండి. మీ కళ్లు కదలడం మీకు అస్సలు కనబడదు. పక్కనున్నవాళ్లకు కనబడుతుంది. కళ్లు గెంతే ఆ లిప్తపాటు దృశ్యాన్ని మెదడు మన దాకా రానివ్వదు. నేను మొదటిసారి గడ్డం గీసుకుంటూ ఇది చేశాను. నురగ ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

మరి ఇదంతా మనకు తెలిసే స్పృహ ఉండేదెక్కడ అంటారా? ఒక గది చూపించడం కుదరదు. మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో అయిదింట నాలుగు వంతులు చిన్నమెదడులోనే ఉన్నాయి. అది దెబ్బతింటే నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది, స్పృహ మాత్రం పోదు. అదే మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం పైభాగంలో చిన్న దెబ్బ తగిలినా మనిషి కోమాలోకి వెళ్లొచ్చు.

దారి గుర్తులేకపోయినా ఇల్లు చేరుతున్నారుగా, భయం లేదు. తెలిసిన దారే తప్పినా, అడిగిందే అడుగుతున్నారని ఇంట్లోవాళ్లు అన్నా అప్పుడు న్యూరాలజిస్టును కలవండి.